ఏడాదికి మూడు దార్లు: లంక నుంచి హైస్కూలుకు ఒక పిల్లవాడి ప్రయాణం

పోయిన విద్యా సంవత్సరం జూన్ మొదటి వారంలో నేనొక ఫారం నింపాను. వైకల్యం: సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి), సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వ వైకల్య ధ్రువపత్రం) ప్రకారం 75 శాతం. తరగతి: ఆరు. హైస్కూలు దూరం: 3.5 కిలోమీటర్లు, మధ్యలో ఏరు. సిఫారసు: గృహ ఆధారిత విద్య. కింద సంతకం పెట్టాను. గోదావరి పాయల మధ్య ఉన్న ఆ లంకకి వెళ్లకుండా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఫ్యాను కింద కూర్చుని పెట్టిన సంతకం అది. ఆ తప్పు దిద్దుకోవడానికి పట్టిన ఏడాది గురించే ఈ కేసు రాస్తున్నాను.

నేను కోనసీమలో ఒక మండలానికి ఐఈఆర్‌టీని, అంటే సమ్మిళిత విద్య రిసోర్సు టీచర్ని. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం, వాళ్లను మామూలు బళ్లలో నిలబెట్టడం నా ఉద్యోగం. పిల్లవాడి పేరు గానీ, లంక పేరు గానీ, బడి పేరు గానీ ఇక్కడ రాయను. ఇంట్లో వాణ్ణి చిన్నోడు అంటారు, నేనూ అలాగే అంటాను. ఈ సంగతులు రాయడానికి వాళ్ల అమ్మమ్మ, నాన్నతో పాటు చిన్నోడు కూడా ఒప్పుకున్నాడు. "నా బొమ్మ మాత్రం ఎయ్యకండి" అన్నాడు. వెయ్యలేదు.

పిల్లవాడు, ఇల్లు

ఏడో నెలలో పుట్టాడు. రెండు కాళ్లూ బిగుసుకుపోయి ఉంటాయి, తొడలు కత్తెరలా ఒకదాని మీదికొకటి వస్తాయి. చేతులు బాగానే పనిచేస్తాయి, రాత కాస్త నెమ్మది. చదును నేల మీద వాకర్ పట్టుకుని ఇరవై ముప్పై అడుగులు వేస్తాడు. మాట తడబడుతుంది కానీ చెప్పేది సూటిగా ఉంటుంది. చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవి, రెండు పూటలా మందు పడుతోంది, రెండేళ్లుగా మళ్లీ రాలేదు. లెక్కల్లో వాళ్ల క్లాసులో ముందుండేవాడని లంకలోని ప్రాథమిక పాఠశాల మాస్టారు చెప్పారు.

అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. కోనసీమలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు, ప్రతి ఊళ్లో అలాంటి ఇళ్లుంటాయి. నాన్న రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరి పడుకుంటాడు, మళ్లీ సాయంత్రం నాలుగింటికి బయల్దేరతాడు. పిల్లవాణ్ణి చూసుకునేది అమ్మమ్మ. అరవైకి దగ్గర పడింది, రెండు మోకాళ్లూ నొప్పులు. ఐదో తరగతి వరకు బడి ఇంటికి రెండు వందల గజాల్లోనే ఉండేది. నాన్న చంకనేసుకుని దింపి వచ్చేవాడు. ఇబ్బంది ఆరో తరగతితో మొదలైంది. మా మండలంలో నేను చూసినంతలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు బడి మానేది ఎక్కువగా ఈ మలుపులోనే. ఊరి బడి అయిపోతుంది, పై బడి ఏటికి అవతల ఉంటుంది, అక్కడితో ఆగిపోతారు.

గృహ ఆధారిత విద్య అంటే వారంలో ఒక రోజు నేనో నా తోటి టీచరో ఇంటికి వెళ్లి రెండు గంటలు చెప్పి రావడం. మంచం దిగలేని పిల్లలకు అది వరమే, ఆ పని నేను ఇష్టంగా చేస్తాను. విద్యా హక్కు చట్టానికి 2012లో చేసిన సవరణలో తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకునే వీలు కల్పించారు. కానీ అక్కడ ఉన్నది పిల్లవాడికి ఎంచుకునే హక్కు. వాడి తరఫున మనం ఎంచేసి, ఫారంలో రాసేసే హక్కు మనకివ్వలేదు. చిన్నోణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జూలైలో మొదటిసారి వాళ్లింటికి వెళ్లాను. వరండాలో చాప మీద కూర్చోబెట్టి భిన్నాలు మొదలుపెట్టాను. ఓ పది నిమిషాలు విని, పెన్సిల్ కింద పెట్టి అడిగాడు: "మా క్లాసోళ్లందరూ అటేగా ఎల్లిపోయారు మేడం. మరి నేనేటి?"

నా దగ్గర జవాబు లేదు. వాడు బడికి వెళ్లలేకపోవడానికి కారణం కాళ్లని రాశాను. ఆ కాళ్లతోనే ఐదేళ్లు బడికెళ్లాడు. మారింది దారి.

టేపు, వాచీ

ఆ వారంలోనే మళ్లీ వెళ్లాను, ఈసారి ఉదయం ఏడున్నరకి. టేపు, వాచీ, నోటుబుక్కు పట్టుకెళ్లాను. ఇంటి గుమ్మం నుంచి ఆరో తరగతి బెంచీ వరకు అమ్మమ్మతో కలిసి నడిచి కొలిచాను. చిన్నోణ్ణి తూచాం కూడా, 24 కిలోలు. ఈ అంకె నా మొదటి ఫారంలో లేదు. ఉండాల్సింది అదే ముందు.

ఇంటి నుంచి రేవుకి 600 మీటర్లు. అందులో 560 మీటర్లు పంచాయతీ సిమెంటు బాట, కొబ్బరి తోటల మధ్యగా ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. చివరి 40 మీటర్లు ఒండ్రు. ఆ ఉదయం నా చెప్పు అందులో ఉండిపోయింది. రేవులో ఇంజిన్ పడవ, ఒడ్డు నుంచి పడవ అంచు ఎత్తు దాదాపు మోకాలు పైకి. ఏరు దాటడానికి 12 నిమిషాలు, పడవ నిండేదాకా ఆగడానికి మరో 15. అవతల ఏటిగట్టు ఎక్కాలి, వాలు బాగా ఎక్కువ. గట్టు మీద నుంచి ఆటో, రెండున్నర కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు. బడి గేటు దగ్గర ఆటో ఆగితే క్లాసు 80 మీటర్లు, మధ్యలో మూత లేని కాలువ. ఆరో తరగతి మేడ మీద.

ఇంటికొచ్చి నోట్సు చూసుకుంటే ఒకటి అర్థమైంది. కిలోమీటర్లలో కష్టమేమీ లేదు. కష్టమంతా నాలుగు చోట్లే ఉంది: ఒండ్రు దాటి రేవు చేరడం, ఒడ్డు నుంచి పడవలోకి, పడవ నుంచి గట్టు మీద ఆటోలోకి, ఆటో నుంచి క్లాసులోకి. నాలుగూ పిల్లవాడు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారే చోట్లు. వాటి మధ్య ఉన్న దూరాన్ని ఏదో ఒక బండి మోస్తుంది. ఈ నాలుగు చోట్ల మాత్రం మనిషి కావాలి. అప్పటినుంచి నా ఫైళ్లలో వీటిని "చేతులు మారే చోట్లు" అని రాసుకుంటున్నాను. ప్రతి చోటుకీ ఎదురుగా ఒక మనిషి పేరు, ఆ మనిషి రాకపోతే వచ్చే రెండో పేరు ఉండాలి.

ఇక్కడో పాత పొరపాటు చెప్పాలి. రెండేళ్ల కిందట ఉపకరణాల శిబిరంలో చిన్నోడికి చక్రాల కుర్చీ ఇప్పించింది నేనే. ఫోటో కూడా తీశాం. ఆ కుర్చీ చిన్న ముందు చక్రాలు ఆ ఒండ్రులో గానీ ఇసుకలో గానీ రెండడుగులు కూడా పోవు. నేను వెళ్లిన రోజు దాని మీద ధాన్యం బస్తా ఉంది. కుర్చీ ఇచ్చేముందు నేల చూడాలన్నది చదువుకున్న విషయమే. చూడలేదు.

మాట్లాడుకున్న రోజు

ఆగస్టు మొదట్లో బడిలో కూర్చున్నాం. హెడ్మాస్టరు, ఆరో తరగతి క్లాసు టీచరు, పాఠశాల యాజమాన్య కమిటీ నుంచి ఇద్దరు తల్లులు, నాన్న, అమ్మమ్మ, పడవ నడిపే పెద్దాయన, ఆటో డ్రైవరు. పడవాయన్ని పిలవాలన్నది అమ్మమ్మ ఆలోచన. "ఆయన్ని అడక్కుండా మీరేం రాసుకున్నా నీళ్ల మీద రాతేనండి" అంది.

ఆయన మాటలే మాకు దారి చూపించాయి. "ఆయ్, పిల్లోణ్ణి నేను దాటిత్తానండి. పడవలో ఎక్కించుకోడం, దింపుకోడం నేనూ మావోడూ చూసుకుంటాం. గట్టు మీద మాత్రం ఎవురో ఒకరు ఉండాలండి. పిల్లోణ్ణి అక్కడెట్టేసి నేను వెనక్కి రాలేను కదండీ."

ఆటో డ్రైవరు ఒప్పుకోలేదు. బండి దిగి గట్టు కిందికొచ్చి మోయడం తన పని కాదన్నాడు. జారి పడితే కేసు తన మీదికొస్తుందన్నాడు. ఆ భయం న్యాయమైనదే. ఎత్తే పద్ధతి నేర్పకుండా, కాగితం మీద ఏదీ లేకుండా మోయమనడం మన తప్పు. ఫిజియోథెరపిస్టు భవితకి వచ్చే రోజున అతన్నీ రమ్మన్నాం. నేర్చుకున్నాక మోయడానికి నెలకి 300 అదనంగా అనుకుని, ఎవరి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒక పేజీలో రాసి అందరం సంతకాలు పెట్టాం. అమ్మమ్మ వేలిముద్ర వేసింది.

బడి వైపు పని తేలిగ్గా అయిపోయింది. ఆరో తరగతి ఒక సెక్షన్ని కిందికి దించారు. కాలువ మీద రాతి పలక వేశారు. ఆటో ర్యాంపు దాకా లోపలికి రావచ్చన్నారు. రెండు వాకర్లు సంపాదించాం, ఒకటి బడిలోనే ఉంటుంది, పాతది ఇంట్లో. రోజూ పడవలో వాకర్ మోసుకెళ్లే పని తప్పింది.

ఎత్తడం

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేసేదాన్ని.

చిన్నోణ్ణి చంకల కింద చేతులేసి లాగితే వాడి ఒళ్లు ఒక్కసారిగా కర్రలా బిగుసుకుంటుంది. కాళ్లు నిలువుగా చాచుకుపోతాయి, తల వెనక్కి పోతుంది. మోసేవాడికి 24 కిలోలు నలభైలా అనిపిస్తుంది. అది మొండితనం కాదు, ఆ కండరాల తీరే అంత. పెద్ద చప్పుడైనా, చెప్పకుండా ముట్టుకున్నా అంతే. పడవ ఇంజిన్ తాడు లాగినప్పుడల్లా వాడు బిగుసుకుంటాడు.

ఫిజియోథెరపిస్టు చూపించింది ఇది. ముందు వాడి ఎదురుగా వంగి, కళ్లలోకి చూస్తూ చెప్పాలి: "ఎత్తుతున్నాన్రా." వాడు ఊ అనాలి. తరువాత రెండు మోకాళ్లూ మడిచి పొట్ట వైపు కొద్దిగా తేవాలి. తుంటి, మోకాలు మడతపడితే బిగువు సడలుతుంది. అప్పుడు ఒక చెయ్యి తొడల కింద, ఒక చెయ్యి వీపు వెనక వేసి, కూర్చున్న ఆకారంలోనే ఛాతీకి దగ్గరగా తీసుకోవాలి. వంగేది నడుము దగ్గర కాదు, మోకాళ్ల దగ్గర. పడవలోకైతే ఇద్దరు: ఒడ్డున ఒకరు, పడవలో ఒకరు, ఇంజిన్ ఆపి ఉండగా. పడవాయన కొడుకు రెండో రోజుకే పట్టేశాడు. ఆటో డ్రైవరుకి వారం పట్టింది, కానీ ఇప్పుడు అందరికంటే ఆయనే బాగా ఎత్తుతాడు. ఎత్తే ముందు "రెడీయా సారూ?" అంటాడు. చిన్నోడు ఊ అనేదాకా ఆగుతాడు.

ఆటోలో కట్టాలి, పడవలో కట్టకూడదు

ఆటో వెనక సీటు మీద చిన్నోడు నిలకడగా కూర్చోలేడు. పాదాలు నేలకి అందవు, మలుపులో పక్కకి ఒరిగిపోతాడు, భయంతో ఇంకా బిగుసుకుంటాడు. ఊళ్లో వడ్రంగి చేత పాదాల కింద పెట్టడానికి చెక్కపెట్టె చేయించాం. తొడల మధ్య పెట్టడానికి దూది కుక్కిన చిన్న దిండు అమ్మమ్మ కుట్టింది. దాంతో కత్తెర పడడం తగ్గింది. వెడల్పాటి నవారు పట్టీ, పొట్ట మీదుగా కాకుండా తుంటి ఎముకల మీదుగా ఏటవాలుగా కిందికి. తుంటి సీటు వెనక్కి పూర్తిగా ఆనిన తరువాతే పట్టీ బిగించాలి. ఖర్చు మొత్తం వెయ్యి రూపాయల లోపే.

పడవలో అంతా తిరగబడుతుంది. అక్కడ ఏ పట్టీ ఉండకూడదు. కుర్చీకి గానీ బల్లకి గానీ కట్టిన పిల్లవాడు పడవ ఒరిగితే దాంతో పాటే మునిగిపోతాడు. చిన్నోడు పడవ మధ్యలో, అడుగున పరిచిన కొబ్బరిపీచు చాప మీద, తోడొచ్చే మనిషి కాళ్ల మధ్య కూర్చుంటాడు. లైఫ్ జాకెట్ పెద్దవాళ్లది వేస్తే తల మీదుగా ఊడి వచ్చేస్తుంది. పిల్లల సైజుది, తొడల మధ్య నుంచి పట్టీ ఉన్నది, మెడ వెనక ఆనిక ఉన్నది కొన్నాం. వానైనా ఎండైనా వేసుకోవాల్సిందే. మొదట్లో తోటి పిల్లలు నవ్వారు. పడవాయన మిగతా బడిపిల్లలందరికీ కూడా జాకెట్లు వేయించడం మొదలుపెట్టాడు, నవ్వు ఆగింది. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడినుంచి ఇంటికొస్తున్న పిల్లల పడవ కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభాన్ని గుద్దుకుని బోల్తా పడింది. ఆడపిల్లలు నీళ్లలో పోయారు. ఈత వచ్చిన పిల్లలకే ఆ గతి పట్టే చోట మావాడి విషయంలో నేను ఒక్క రోజు కూడా చూసీచూడనట్టు ఊరుకోను.

మూర్ఛ కోసం ఒక అట్ట రాసి ఆటోలో, పడవలో, క్లాసులో పెట్టాం. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర వదులు చెయ్యండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టకండి, టైము చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108. ఏడాదిలో దాని అవసరం పడలేదు.

సాయంత్రం

ఉదయం నాన్న ఉంటాడు, వీపు మీద వేసుకుని ఒండ్రు దాటిస్తాడు. సాయంత్రం ఐదింటికి పడవ తిరిగొచ్చేసరికి నాన్న చెరువు దగ్గర ఉంటాడు. అమ్మమ్మ 24 కిలోలు మోయలేదు. మొదటి పది రోజులు మోసింది. పదకొండో రోజు లేవలేకపోయింది. ఆ రోజు నుంచి నాలుగు రోజులు చిన్నోడు బడికి రాలేదు.

దీనికి పరిష్కారం నా బుర్రలో పుట్టలేదు. మా వైపు కొబ్బరికాయలు మోసే సైకిళ్లుంటాయి, వెనక క్యారియరు బలమైన ఇనుముతో వెడల్పుగా చేయిస్తారు, వంద కాయలకి పైనే వేసి తోసుకుపోతారు. "కాయలు మోసేది పిల్లోణ్ణి మోయదా?" అంది అమ్మమ్మ. వెల్డింగు షాపులో ఆ క్యారియరు మీద వీపు ఆనేలా, రెండు పక్కలా అడ్డం ఉండేలా సీటు చేయించాం, పాదాలకి పలక, కింద వెడల్పాటి రెండు కాళ్ల స్టాండు. ఎక్కి తొక్కడం లేదు, నడుస్తూ తోయడమే. ఒండ్రులో 40 మీటర్లు పడవాయన కొడుకు ఎత్తుకుని వచ్చి సిమెంటు బాట మీద సైకిల్లో కూర్చోబెడతాడు. అక్కడినుంచి అమ్మమ్మ తోసుకుంటుంది. పక్కింటి పదో తరగతి అబ్బాయి వెనక పట్టుకుంటాడు. ఆ అబ్బాయి పట్టుకోవడం వరకే, ఎత్తడం మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. ఒక పిల్లవాడి భద్రత ఇంకో పిల్లవాడి మెడకి చుట్టకూడదు.

అక్టోబరులో ఒక సాయంత్రం వాన వెలిసిన తరువాత ఆ ఒండ్రులోనే పడవాయన కొడుకు కాలు జారింది. చిన్నోడి మోచెయ్యి గీసుకుంది, అంతకు మించి ఏమీ కాలేదు. మర్నాడు అమ్మమ్మ నాతో ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. పంచాయతీ వాళ్లతో మాట్లాడి ఆ వారంలోనే ఇసుక బస్తాలు మెట్లుగా పేర్పించాం, మీద పీచు చాపలు, పక్కన వెదురు పట్టుగొమ్మ. ఇప్పుడు ఆ పట్టుగొమ్మని ముసలివాళ్లంతా వాడుతున్నారు.

వరద, ఇసుక, బాట

నా ప్రణాళికలో పెద్ద లోపం ఆగస్టు మూడో వారంలో బయటపడింది. ఏరు ఎర్రబడి పొంగింది, పడవ ఆపేశారు. తొమ్మిది రోజులు. మిగతా పిల్లలూ రాలేదు, అది అందరికీ సెలవే. నాకు భయం వేసింది మందు గురించి. ఆరు రోజులకి సరిపడా మాత్రమే ఉందని ఫోన్లో తెలిసింది. సహాయ బృందం పడవలో మందు సీసా పంపించేదాకా నాకు నిద్ర లేదు. లంకలో పుట్టి పెరిగినవాళ్లకి వరద కొత్త కాదు, కానీ నా కాగితంలో ఆ మాటే లేదు.

తరువాత కూర్చుని రాసుకున్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అక్కడ మొదటి హెచ్చరిక వచ్చేదాకా ఆగితే చిన్నోడికి ఆలస్యమే. ఎగువన భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ నీరు ధవళేశ్వరం దిగి మా పాయల్లోకి రావడానికి ఒక రోజు అటూఇటూగా వ్యవధి ఉంటుంది. కాబట్టి భద్రాచలం 43 అని టీవీలో వినగానే, ఆ సాయంత్రం పడవకే చిన్నోడు, అమ్మమ్మ గట్టు ఇవతల మేనత్త ఇంటికి వచ్చెయ్యాలి. నెలకి సరిపడా మందు, సదరం సర్టిఫికెట్ నకలు, పుస్తకాలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మేనత్త ఇంటి నుంచి బడికి ఆటోయే చాలు. సెప్టెంబరులో మళ్లీ నీరు పెరిగినప్పుడు ఈ పద్ధతి పాటించారు. గట్టు ఇవతల బడి తెరిచే ఉంది, లంక పిల్లల్లో ఆ నాలుగు రోజులూ హాజరైంది చిన్నోడొక్కడే. క్లాసు టీచరు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

డిసెంబరు దాటాక దారి మళ్లీ మారింది. నీరు తీసి పాయ సన్నబడింది, పడవ ఒడ్డు దాకా రాలేదు, ఇసుక తిన్నె మీద మూడు వందల మీటర్లు అదనం. సైకిలు ఇసుకలో దిగబడింది. ఆ ఆరు వారాలు సాయంత్రం పూట ఒక మనిషికి రోజుకి ఇంతని కూలి ఇచ్చి మోయించుకున్నాం. ఫిబ్రవరిలో పాయకి అడ్డంగా తాత్కాలిక బాట వేశారు. ఇక ఆటో గుమ్మం ముందుకే వచ్చింది. ఇంటినుంచి క్లాసుకి 20 నిమిషాలు. చిన్నోడు ఆ రోజుల్లో నన్ను చూసినప్పుడల్లా "బాట ఎప్పుడూ ఉంటే బాగుణ్ణు మేడం" అనేవాడు.

ఒండ్రు, ఇసుక, బాట. ఏడాదికి మూడు దార్లు, మధ్యలో అసలు దారే లేని రోజులు. మన ఫారంలో దూరం రాయడానికి ఉన్నది ఒక్క గడి.

డబ్బు

ఆటో నెలకి 3,600. అదే దారిలో ఉన్న మరో ఇద్దరు పిల్లలు, వినికిడి లోపం ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి, మానసిక ఎదుగుదల నెమ్మదిగా ఉన్న ఏడో తరగతి అబ్బాయి, కలిశారు కాబట్టి తలకి 1,200. చిన్నోడికి మోసే 300 కలిపి 1,500. పది నెలలకి 15,000. బడి చదువుల ప్రభుత్వ పథకం సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి కేంద్రం లెక్క ఏడాదికి 3,500 రూపాయలు, అందులోనే ఉపకరణాలు, పుస్తకాలు, ప్రయాణం, తోడు మనిషి అన్నీ. ప్రయాణ భత్యం, ఎస్కార్ట్ భత్యం పేరిట వచ్చేవి నెలకి కొన్ని వందలు. అవి కూడా నెలనెలా పడవు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆ ఖాతాలో ఒక్క రూపాయి జమ కాలేదు. ఆటో డ్రైవరుకి నెలనెలా పెట్రోలు పొయ్యాలి కదా.

ఆ నెలల్లో ఆటో నడిచింది చిన్నోడికి నెలనెలా వచ్చే 6,000 వికలాంగ పింఛను మీద. అది నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. ఆ పింఛను వాడి మందులకి, తిండికి, డాక్టరు దగ్గరికి తిప్పడానికి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో 16వ సెక్షన్ చదవండి: వైకల్యం ఉన్న పిల్లలకి, ఎక్కువ సహాయం అవసరమైన వారికైతే తోడొచ్చే మనిషికి కూడా, రవాణా సౌకర్యం కల్పించే బాధ్యత విద్యాసంస్థల మీద పెట్టారు. 31వ సెక్షన్ 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య అంటోంది. పింఛను డబ్బుతో ఆటో ఎక్కితే అది ఉచితం ఎలా అవుతుంది? భత్యం ప్రతి నెలా ముందుగా పడాలని, లంక పిల్లలకి అసలు ఖర్చు ప్రకారం ఇవ్వాలని హెడ్మాస్టరు, నేను కలిసి రెండుసార్లు రాశాం. మూడోసారి ఆటో రసీదులు, పడవ వివరాలు, పది నెలల హాజరు జతచేసి రాశాం.

బస్సు సంగతి కూడా అడుగుతుంటారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచితం కాబట్టి అమ్మమ్మకి టికెట్ లేదు. నిజమే, భవితకి ఫిజియోథెరపీకి వచ్చేటప్పుడు వాళ్లు పల్లెవెలుగులోనే వస్తారు. రోజూ బడికి కుదరదు. మొదటి మెట్టు అమ్మమ్మ మోకాలికంటే ఎత్తు.

పడవాయన డబ్బు తీసుకోనన్నాడు. అమ్మమ్మ ఊరుకోలేదు. "మిగతా పిల్లలు ఇచ్చేది మావోడూ ఇత్తాడు. ఊరికే దాటించారన్న మాట వాడికొద్దండి" అని నెలకోసారి చిన్నోడి చేతే ఇప్పిస్తోంది.

మంచినీళ్ల సీసా

నవంబరులో క్లాసు టీచరు ఒక చిన్న సంగతి గమనించారు. చిన్నోడి నీళ్ల సీసా పొద్దున్న ఎంత నిండుగా వస్తుందో సాయంత్రం అంతే నిండుగా వెళ్తోంది. అడిగితే చెప్పలేదు. నేను విడిగా కూర్చోబెట్టి అడిగితే చాలాసేపటికి చెప్పాడు. తాగితే బాత్రూంకి తీసుకెళ్లమని ఎవరినో ఒకరిని అడగాలి, దారిలో వస్తే పడవలో అందరూ ఉంటారు. ఇంటి దగ్గర పొద్దున్న పాలు కూడా మానేశాడట. రెండు నెలలుగా మలబద్ధకం, కాళ్ల బిగువు పెరిగింది, ఫిజియోథెరపిస్టు కారణం వెతుకుతూనే ఉన్నారు. కారణం ఆ సీసాలో ఉంది.

ప్రయాణం కుదిరిందని సంతోషపడిన నేను, ప్రయాణం కోసం పిల్లవాడు దాహాన్ని చంపుకుంటున్నాడని చూడలేదు. బడిలో ఆయమ్మ ఒకామె ఉంది కానీ మగపిల్లవాడు పదకొండేళ్లకి ఆడమనిషిని అడగడానికి సిగ్గుపడతాడు. పీఈటీ మాస్టారు ముందుకొచ్చారు. బడికి రాగానే ఒకసారి, భోజనం తరువాత ఒకసారి, ఆటో ఎక్కే ముందు ఒకసారి, వాడు అడగక్కర్లేకుండా ఆయనే వస్తారు. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ బిగించారు. సంక్రాంతి సెలవుల తరువాత సీసా ఖాళీగా వెళ్లడం మొదలైంది.

ఇప్పుడు

జూలై, ఆగస్టు కలిపి చిన్నోడు బడికొచ్చింది 11 రోజులు. నవంబరులో 19, ఫిబ్రవరిలో 22. వార్షిక పరీక్షల్లో లెక్కల్లో క్లాసులో మూడో స్థానం, సోషల్లో కష్టం మీద గట్టెక్కాడు. గృహ ఆధారిత విద్య జాబితాలోంచి పేరు తీయించాను. ఆ జాబితాలో ఉన్న మిగతా పేర్లు కూడా ఒక్కొక్కటిగా తీసి చూస్తున్నాను. ఇద్దరి విషయంలో కారణం గడిలో ఉన్నది "ఏరు", అంతే.

ఏడో తరగతి మొదలైంది. చిన్నోడి బరువు 27 కిలోలకి చేరింది. వాడు పెరుగుతున్నాడని అమ్మమ్మకి సంతోషం, ఎలా ఎత్తడమని బెంగ. అమ్మమ్మ కుడి మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నారు, దసరా తరువాత. అది జరిగితే మూడు నెలలు సాయంత్రం సైకిలు తోసే మనిషి కావాలి. రెండో పేరుగా మేనత్త ఒప్పుకుంది, కానీ ఆమెది గట్టు ఇవతల ఇల్లు, రోజూ ఏరు దాటి మళ్లీ చీకట్లో వెనక్కి వెళ్లాలి. నాన్న కాపలా పగటి పూటకి మార్చమని చెరువు యజమానిని అడిగాడు, జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ బడిలో కూర్చుంటున్నాం. ఈసారి చిన్నోణ్ణి కూడా కూర్చోబెడుతున్నాం. వాడు ఒక కాగితం రాసుకున్నాడట, మొదటి మాట పడవలో ముందు వైపు కూర్చోవాలని.